చార్టర్ విమానం సరే, ఎక్కేదెక్కడ?

ఈ మధ్య మన ఐటీ జనాల్లో కొత్త సరదా ఒకటి మొదలైంది. కంపెనీ షేర్లు కాస్త పెరిగినవాళ్ళు, అమెరికా నుంచి రెండేళ్ళకోసారి ఊరికొచ్చేవాళ్ళు, అమ్మానాన్నల షష్టిపూర్తికో, పిల్లల పుట్టెంట్రుకలకో "ఒక చిన్న ఫ్లైటు మాట్లాడుకుందామా" అంటున్నారు. ఇన్నోవా మాట్లాడుకున్నంత తేలిగ్గా అంటున్నారు. తప్పేం లేదు, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. మా ఇంట్లో ఒకసారి ఈ తతంగం నేను దగ్గరుండి చూశానని తెలిసి, ఆఫీసులో ఇప్పటికి ముగ్గురు నన్ను సలహా అడిగారు. ముగ్గురిదీ మొదటి ప్రశ్న ఒకటే: "ఏ విమానం బావుంటుంది?"

నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది ఏ ఎయిర్‌పోర్టు అని. రెండోది, ఆ ఎయిర్‌పోర్టులో నేల మీద మన పని చూసేదెవరు అని. ఎందుకంటారా? విమానంలో కూర్చునేది మహా అయితే గంటంబావు. ఇంటి గుమ్మం నుంచి ఆ సీటు దాకా, మళ్ళీ సీటు నుంచి గుడి మెట్ల దాకా పట్టేది ఆ రోజు మొత్తం. ముసలివాళ్ళూ చంటిపిల్లలూ అలిసిపోయేది అక్కడే.

ఈ ప్రశ్న వరంగల్ వాళ్ళకి ఇంకాస్త చేదుగా ఉంటుంది. ఎందుకంటే మనకి విమానాశ్రయం లేక కాదు. మామునూరులో 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించింది ఉంది. 1,875 ఎకరాలతో అప్పట్లో దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో ఒకటని చెప్పుకుంటారు. ఆజంజాహీ మిల్లుకీ, కాగజ్‌నగర్ పేపరు మిల్లుకీ వచ్చిపోయే పెద్దమనుషుల కోసమే అది కట్టారని మా ఊళ్ళో అంటారు. అంటే అది పుట్టడమే ఈ చార్టర్ రకం ప్రయాణాల కోసం అన్నమాట. 1981 దాకా నడిచింది, తర్వాత మూలపడింది. ఖమ్మం రోడ్డు మీద బస్సులో పోతూ అటు వేలెత్తి చూపించి "అదే మన ఎయిర్‌పోర్టు" అని చుట్టాలకి చెప్పని వరంగల్ పిల్లాడు ఉండడు. అక్కడ ఆ రోజుల్లో మేం చూసింది గడ్డీ గొర్రెలే అనుకోండి, అది వేరే విషయం.

కాబట్టి వరంగల్ మనిషి సొంతంగా విమానం మాట్లాడుకున్నా సరే, ముందు హైదరాబాద్ దాకా నేల మీద రావాల్సిందే. వచ్చాక రెండు దారులు: బేగంపేట, శంషాబాద్. 2008 మార్చి 23న శంషాబాద్ తెరిచాక బేగంపేట నుంచి మామూలు టికెట్ విమానాలన్నీ అటు వెళ్ళిపోయాయి. బేగంపేటలో ఇప్పుడు మిగిలినవి చార్టర్లు, వీఐపీల రాకపోకలు, వైమానిక దళం పనులు, అప్పుడప్పుడూ జరిగే విమానాల ప్రదర్శన. రన్‌వే మూడు కిలోమీటర్ల పైనే ఉంది, చిన్న విమానాలకి కావల్సినదానికంటే చాలా ఎక్కువ.

చార్టర్ అనగానే అందరూ బేగంపేటే అంటారు. ఊరి మధ్యలో ఉంది, జనం ఉండరు, టెర్మినల్లో కిలోమీటర్లు నడవక్కర్లేదు. హైదరాబాద్ వాళ్ళకి ఇదంతా నిజమే. వరంగల్ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఒకసారి ఆలోచించండి. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దాకా కారు హాయిగా వస్తుంది. అక్కణ్ణుంచి ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ మీదుగా బేగంపేట చేరడమంటే, పొద్దున తొమ్మిదింటికి అయితే, అది మ్యాప్‌లో కనిపించే దూరం కాదు. అదే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే శంషాబాద్ దాకా సిగ్నల్ లేదు. కిలోమీటర్లు ఎక్కువ, కుదుపులు తక్కువ. కారులో తుంటి ఆపరేషన్ అయిన మనిషి ఉంటే నేను కిలోమీటర్లు చూడను, బ్రేకులు ఎన్నిసార్లు పడతాయో చూస్తాను.

మూడో దారి కూడా ఉంది, చెప్తే మా అన్న నవ్వాడు. వరంగల్లోనో కాజీపేటలోనో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే బేగంపేట ఎయిర్‌పోర్టు ఐదారు కిలోమీటర్లే. "చార్టర్ ఫ్లైటుకి రైల్ల పోతార్రా ఎవరన్నా?" అన్నాడు. పోతే తప్పేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు :)

ఇక ఈ అన్న సంగతి. మా పెద్దమ్మ కొడుకు, డాలస్‌లో ఉంటాడు. అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్ళు, తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యి ఏడాది దాటింది. ఇంట్లో వాకర్‌తో నడుస్తుంది, బయటికెళ్తే వీల్‌చెయిర్. వెంకన్నని ఒక్కసారి చూసి రావాలని ఆమె కోరిక. అమ్మమ్మ, పెద్దమ్మ, పెదనాన్న, అన్న, వదిన, వాళ్ళ పాప, మొత్తం ఆరుగురు. ఆరు సీట్ల కింగ్ ఎయిర్ మాట్లాడి హైదరాబాద్ నుంచి తిరుపతి, ఒక రాత్రి ఉండి వాపసు. నేను హైదరాబాద్‌లోనే ఉంటాను కాబట్టి ఫోన్లు చేసే పని నా నెత్తిన పడింది.

ముందు డబ్బు లెక్క చెప్తాను, ఎందుకంటే కొటేషన్ చదవడం కూడా ఒక విద్యే. మాకు తక్కువ రేటు చెప్పినాయన విమానం బెంగళూరులో ఉంటుంది. గంటకి లక్షా పాతిక వేలు. వినడానికి బావుంది. కానీ అది బెంగళూరు నుంచి ఖాళీగా హైదరాబాద్ రావడానికి గంటా ఇరవై నిముషాలు, పని అయ్యాక ఖాళీగా పోవడానికి ఇంకో గంటా ఇరవై. మనం కూర్చునే ప్రయాణం రానూపోనూ రెండు గంటల ఇరవై. అంటే ఐదు గంటల బిల్లులో సగానికి పైగా విమానంలో మనం లేము. ఆరున్నర లక్షల చిల్లరకి కాస్త ఇటుగా అయ్యింది. ఆపైన రెండు ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్, పార్కింగ్, హ్యాండ్లింగ్, పైలట్ల రాత్రి బస కలిపి లక్ష, దాని మీద జీఎస్టీ. మొత్తం ఎనిమిదిన్నర లక్షలు. హైదరాబాద్‌లోనే విమానం ఉన్న ఇంకొకాయన గంటకి లక్షా అరవై చెప్పాడు. రేటు ఎక్కువే, కానీ ఖాళీ తిరుగుడు లేదు. అయితే ఆయనకి రోజుకి కనీసం రెండు గంటల బిల్లు అనే రూలు ఉంది. రెండు రోజులకి నాలుగు గంటలు. తీరా చూస్తే రెండూ దాదాపు ఒక్కచోటికే వచ్చాయి. గంట రేటు పట్టుకుని బేరమాడేవాళ్ళని చూస్తే నాకు, క్లౌడ్‌లో సర్వరు గంటకి ఎంతో మాత్రమే చూసి నెలాఖరున బిల్లు చూసి గుండె పట్టుకునే మేనేజర్లు గుర్తొస్తారు.

డబ్బు అన్నది. నాకు బుర్ర తిన్నది మెట్లు.

ఇది ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను. సొంత విమానమంటే ముసలివాళ్ళకి సుఖం అని మనం అనుకుంటాం. మామూలు ఎయిర్‌లైన్‌లో అయితే వీల్‌చెయిర్ మనిషిని ఏరోబ్రిడ్జి మీదుగా నేరుగా తలుపు దాకా తీసుకెళ్తారు, బ్రిడ్జి లేనిచోట అంబులిఫ్ట్ పెడతారు. తలుపు దగ్గర సన్నటి కుర్చీలోకి మార్చి సీటు దాకా తోస్తారు. కింగ్ ఎయిర్ లాంటి చిన్న విమానంలో తలుపే కిందికి తెరుచుకుని మెట్లవుతుంది. ఆ తలుపు వెడల్పు రెండడుగుల పైన కొంచెం. ఎక్కాక లోపల కేబిన్ ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. అంటే నిలువుగా నడవడం అనేది లేదు, నడుం వంచి సీటు వెతుక్కోవాలి. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళని డాక్టరు ఏం చెయ్యొద్దంటాడో సరిగ్గా అదే. అంబులిఫ్ట్ ఏమో పెద్ద విమానాల తలుపు ఎత్తుకి చేసిన సామాను, ఇక్కడ దాని ఉపయోగం తక్కువ. చివరికి మనిషిని మనుషులే మోయాలి. ఎనిమిదిన్నర లక్షలు పెట్టి, నాలుగు వేల టికెట్లో ఉన్న సుఖం పోగొట్టుకోవడం అంటే ఇదే. ఈ మాట అన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు.

అందుకే గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్ళని విమానం కంటే ముందు మాట్లాడుకోమంటాను. వీళ్ళ పనేంటో చాలామందికి తెలీదు. విమానం వాడు ఎగరేస్తాడు. నేల మీద మిగతా అంతా వీళ్ళది: ప్రయాణికుల లిస్టు గేటుకి పంపడం, తనిఖీ, సామాను, విమానం దాకా తీసుకెళ్ళే బండి, ఇంధనం ట్యాంకరు సమయానికి రప్పించడం, ఇంజన్లు ఆగి ఉన్నప్పుడు బయటి కరెంటు పెట్టడం. మన కారు తిన్నగా విమానం రెక్క కిందికి పోతుందని సినిమాలు చూసి అనుకుంటాం. పోదు. పాస్ ఉన్న బండి వాళ్ళదే ఉంటుంది, మనం గేటు దగ్గర దిగి అందులోకి మారాలి. అంటే వీల్‌చెయిర్ మనిషికి దిగడం ఎక్కడం ఒకటి కాదు, మూడు. పెద్దవాళ్ళందరికీ గుర్తింపు కార్డులు కావాలి. సొంత విమానం కదా అని భద్రత రూల్సేమీ మారవు.

నేను ఇద్దరు హ్యాండ్లింగ్ వాళ్ళకి ఫోన్ చేసి ఒకే సంగతి చెప్పాను. మొదటాయన అంతా విని, "అంతా మేం చూసుకుంటాం సర్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. రెండో ఆయన నన్నే ఎదురు ప్రశ్నలు వేశాడు. అమ్మమ్మ బరువెంత? పట్టుకుంటే నాలుగు మెట్లు ఎక్కగలరా? ఆపరేషన్ ఏ వైపు? వీల్‌చెయిర్ మడుస్తుందా? మడిస్తే అది సామాన్ల అరలో పడుతుందా లేదా కొలిచి చెప్పండి. తిరుపతిలో మా మనిషి ఉంటాడు, కానీ ఆడవాళ్ళెవరైనా సాయం కావాలంటే ముందే చెప్పాలి. నేను ఇంకొక్క నిముషం కూడా ఆలోచించలేదు. మనం ఇంటర్వ్యూల్లో చూడమూ? రిక్వైర్‌మెంట్ అడక్కుండానే "అయిపోతుంది" అనేవాడి కోడు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చెప్పిన ఉపాయంతోనే పని జరిగింది. ఏ విమానమైతే తలుపు పక్కనే, ఆపరేషన్ కానివైపు ఒరిగి కూర్చునే సీటు దొరుకుతుందో అదే తీసుకోమన్నాడు. ఇద్దరు మనుషులు, పట్టీలున్న కుర్చీ, మెట్ల మీద ఒక్కో మెట్టు. ఎయిర్‌పోర్టు శంషాబాద్ ఖాయం చేశాం, ఔటర్ కోసమే. అమ్మమ్మ లోపల కూర్చుని చుట్టూ చూసి, "గింత చిన్నదా? మన ఆటో లెక్కనే ఉన్నది గదరా" అంది.

వాపసు వచ్చేరోజు హైదరాబాద్ మీద ఉరుములు, వాన. తిరుపతిలో ఆకాశం తేటగానే ఉంది. ఆ తేట ఆకాశం చూసి అన్నకి చిరాకు. "ఇన్ని లక్షలు పెట్టి మనం గూడ వెయిటింగేనా?" కెప్టెన్ చిన్నవాడే, మా వయసే ఉంటుంది. "ఇంకో గంట చూద్దాం సర్, తగ్గకపోతే ఈ రాత్రికి ఇక్కడే" అన్నాడు, అంతే. నేను ఫోన్లో ఆ మాట విని చాలా సంతోషించాను. గంటన్నర తర్వాత బయల్దేరారు. ఆ గంటన్నరా అమ్మమ్మకి కాళ్ళు చాపుకునే సోఫా, దగ్గర్లోనే ఎత్తు కమోడ్ ఉన్న బాత్రూమూ ఉండటం హ్యాండ్లింగ్ ఆయన ముందుచూపు. ఇలాంటివి ఏ కొటేషన్లోనూ ఒక లైనుగా కనబడవు.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. ముహూర్తం దాటిపోతోందని పైలట్‌ని తొందరపెట్టే హక్కు డబ్బు కట్టినవాడికి లేదు. ఈ విషయం తెలుగువాళ్ళకి వేరేవాళ్ళు చెప్పాలా? 2002 మార్చిలో బాలయోగి గారు, 2004 ఏప్రిల్ 17న సౌందర్య, 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారు. సౌందర్య ఎక్కింది బెంగళూరు జక్కూరులో, రావాల్సింది మన పక్కనున్న కరీంనగర్‌కి. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ లేచింది ఇదే బేగంపేట నుంచి, ఆ రోజు నల్లమల మీద వాతావరణం ఎలా ఉందో అందరికీ తెలుసు. ఒక్కో ప్రమాదానికి కారణం ఒక్కోటి, వాటన్నిటినీ ఒక గాట కట్టను. కానీ చిన్న విమానంలో "ఈ రోజు వద్దు" అనే మాటకి విలువ ఎంతో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

దీనికి ముడిపడినదే ఇంకో సంగతి. తెలిసినవాళ్ళ విమానముంది, సగం రేటుకే ఇప్పిస్తానంటాడు ఒకడు. డబ్బు తీసుకుని ప్రయాణికులని ఎక్కించుకోవాలంటే డీజీసీఏ ఇచ్చిన నాన్-షెడ్యూల్డ్ పర్మిట్ ఉండాలి. సొంత వాడకానికి రిజిస్టరైన విమానాన్ని అద్దెకి తిప్పకూడదు. వైట్ బోర్డు కారుని టాక్సీగా తిప్పడం లాంటిదే, కాకపోతే ఇది ఆకాశంలో. పర్మిట్ కాపీ, అందులో మీరెక్కబోయే విమానం రిజిస్ట్రేషన్ నంబరు, వీటీ తో మొదలయ్యేది, ఉందో లేదో చూడండి. అడిగితే మొహమాటపడేవాడి విమానం ఎక్కకండి.

సరే, మళ్ళీ మామునూరు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో చుట్టూ 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న షరతు మనకి ఏళ్ళ తరబడి అడ్డుపడింది. జీఎంఆర్ వాళ్ళు సరేనన్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. అప్పటికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలున్నాయి. ఇంకో 253 ఎకరాలు కావాలని, దానికి 2024 నవంబర్‌లోనే రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. రెండు కిలోమీటర్లు కూడా లేని పాత రన్‌వేని 2.8 కిలోమీటర్లు చేసి ఎయిర్‌బస్‌లు దించాలని ప్లాను. వార్త వచ్చిన రోజు వరంగల్ వాట్సాప్ గ్రూపులన్నీ ఎయిర్‌బస్ బొమ్మలే. ఒక్కరైనా చిన్న విమానాల మాట ఎత్తలేదు.

నా గోల అదే. పెద్ద విమానాలు రావాలి, రావద్దని నేననను. కానీ మన చుట్టుపక్కల చిన్న ఊళ్ళ అనుభవం చూడండి. పుట్టపర్తిలో 1990లో రెండు కిలోమీటర్లు దాటిన రన్‌వేతో విమానాశ్రయం వచ్చింది. టికెట్ విమానాలు కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయాయి, చార్టర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఓర్వకల్లు 2021 మార్చిలో మొదలైంది, రోజుకి అక్కడ దిగే విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వరంగల్‌కీ మొదటి ఏళ్ళలో రోజుకి రెండో మూడో వస్తాయి. మిగతా పొద్దంతా ఆ రన్‌వే ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో వచ్చేవి చిన్నవే.

మా కొలీగ్ ఒకడు దీనికి మండిపడ్డాడు. "డబ్బున్నోడి విమానానికి పేద రైతు భూమా?" అని. న్యాయమైన మాటే, దాటేయను. డబ్బున్నోడి దగ్గర పార్కింగ్‌కి ముక్కుపిండి వసూలు చెయ్యమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే చోట దిగేది ఎయిర్ అంబులెన్సు కూడా. ఎంజీఎం నుంచి చెన్నైకో ఢిల్లీకో మార్చాల్సిన పేషెంటుని ఇవాళ స్ట్రెచర్ మీద ముందు మూడు గంటలు రోడ్డు మీద హైదరాబాద్ తేవాలి, ఆ తర్వాతే విమానం. మేడారం జాతరకి 2022లో హనుమకొండ నుంచి హెలికాప్టర్లు తిప్పారు. రెండేళ్ళకోసారి అలాంటి రద్దీకి మైదానాల్లో తాత్కాలిక ఏర్పాట్లు చేసే బదులు పక్కాగా ఒక చోటు ఉంటుంది. దీనికి కావల్సింది పెద్దగా ఏమీ లేదు. టెర్మినల్‌తో సంబంధం లేని వేరే గేటు, అంబులెన్సు తిన్నగా విమానం దాకా పోయే దారి, నాలుగైదు చిన్న విమానాలు నిలిచే జాగా, మెట్లు లేని ఒక గది, ఫోన్ చేస్తే పలికే హ్యాండ్లింగ్ మనుషులు. ఢిల్లీలో ఇలాంటి విమానాల కోసం వేరే టెర్మినల్ 2020లో గానీ రాలేదు. ముంబైలో పెద్ద విమానాల రద్దీ పెరిగి, చిన్నవాటికి గంటలు కోసేశారు. అంతా కట్టేశాక దీనికి చోటు వెతకడం ఎంత కష్టమో వాళ్ళని చూస్తే తెలుస్తుంది. డిజైన్ అయిపోయాక రిక్వైర్‌మెంట్ మార్చడం మనకి కొత్త కాదు, కానీ కాంక్రీటుకి ప్యాచ్ వెయ్యలేం.

నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతుల భూములు పోయేది ఈ 2.8 కిలోమీటర్ల కోసం. రోజుకి ఎన్ని దిగుతాయి, ఎవరి కోసం దిగుతాయి, మిగతా టైములో అది దేనికి పనికొస్తుంది అని అడిగే హక్కు ముందు వాళ్ళది. పార్కింగ్ జాగా గీసిన మ్యాపు ఒకటి ఉండే ఉంటుంది కదా. దాన్ని మామునూరులో అందరికీ కనబడేలా ఒక గోడకి అంటిస్తే బావుంటుంది.